బొటనవేలు పట్టేంత సందు

చినమల్లవరం శాఖా గ్రంథాలయానికి గాజు కప్పు ఎందుకు వేశారో వేసినవాళ్ళకే తెలియదు. ఎవరో పెద్దాయన ఏదో చలిదేశం వెళ్ళి, అక్కడ జనం గాజు కప్పు కింద కూర్చుని చదువుకోవడం చూసి ముచ్చటపడి వచ్చాడట. అక్కడివాళ్ళకు ఎండ దొరక్క గాజు వేసుకున్నారనీ, మనం కప్పు వేసుకునేదే ఎండ తప్పించుకోవడానికనీ ఆయనకు చెప్పే ధైర్యం ఎవరికీ లేకపోయింది. దాంతో గ్రంథాలయం వెనకగదికి గాజు కప్పు వచ్చింది. వేసవిలో ఆ గదిలో అప్పడాలు ఎండబెట్టుకోవచ్చు.

అయినా గ్రంథపాలకురాలు సుగుణమణి ఆ గదిని ప్రాణంగా చూసుకునేది. మధ్యాహ్నం బేరాలు పల్చబడే వేళకు మార్కెట్లో కూరగాయలమ్మే ఆడవాళ్ళు గంపలు బోర్లించి ఆ గదికి వస్తారు. అక్షరాలు దిద్దుకుంటారు. వాళ్ళకు ఇంకో గది లేదు. ముందు హాలు పేపర్లు చదివే రిటైరైన పెద్దమనుషులది. వాళ్ళను కుర్చీలోంచి కదిలించడం దేవుడి తరం కూడా కాదు.

ఆ క్లాసులో అందరికంటే పెద్దది నాంచారమ్మ. అరవై దాటింది. బ్యాంకుకు వెళ్ళినప్పుడల్లా గుమాస్తా ఆమె మొహం కూడా చూడకుండా ఇంకు డబ్బా ముందుకు తోసి "వేలు" అంటాడు. చచ్చేలోగా ఒక్కసారైనా వాడి ముందు సంతకం పెట్టి, వాడి డబ్బా వాడికే తోసెయ్యాలని ఆమె పంతం. 'నాంచార' వరకూ వచ్చింది. చివరి 'మ్మ' దగ్గర చెయ్యి మొరాయిస్తోంది. పైన మకారం రాస్తే కింద ఒత్తు మరిచిపోతుంది, ఒత్తు గుర్తొస్తే పైన మకారం వంకాయలా తయారవుతుంది.

గాజు కప్పులో రెండు పలకలు కలిసే చోట ఒక సందు ఉంది. సన్నటి సందు. అందులోంచి వానాకాలంలో బొట్టు బొట్టుగా నీళ్ళు కారతాయి. సుగుణమణి దాని కింద ఇత్తడి చెంబు పెట్టి నెట్టుకొచ్చింది. కాని పోయిన ఏడు వయోజన విద్య కార్యాలయం నుంచి తనిఖీకి వచ్చిన అధికారి సరిగ్గా ఆ చెంబు పక్కనే కూర్చున్నాడు. చెంబు నిండింది, ఆయన చొక్కా తడిసింది. "వచ్చే వానల్లో ఈ గది కురిస్తే క్లాసు ఎత్తేస్తాం" అని తాఖీదు పంపాడు. అంచేత వానలు పడేలోగా ఆ సందు మూయించాలి. సుగుణమణి గారికి కావలసింది అదొక్కటే.

బస్టాండు పక్క గాజు కొట్టు మస్తాన్‌వలి వచ్చి, మెడ వెనక్కి వాల్చి చూశాడు.

"దీనికేముంది మేడం! పాత మందు పీకేసి, సందు శుభ్రంగా తుడిచి, న్యూట్రల్ సిలికాన్ బంక ఒక ట్యూబు కొడితే సరి. పాతది పుల్లటి వాసనొచ్చే రకం, చట్రాన్ని తినేస్తది. ఇది వాసన రాదు, దేన్నీ తినదు. మీరు టీ చెప్పండి, అది చల్లారేలోపు నేను దిగిపోతా."

"ప్రభుత్వ భవనమయ్యా. ఇంజనీర్లు ఒప్పుకోకుండా మేకు కూడా కొట్టకూడదు."

"అయితే టీ చెప్పమాకండి" అని మస్తాన్‌వలి వెళ్ళిపోయాడు.

సుగుణమణి ఇంజనీరింగ్ శాఖకు అర్జీ పెట్టుకుంది. ఖర్మ కొద్దీ అదే రోజుల్లో రాష్ట్రంలో ఇంకెక్కడో ఒక కార్యాలయంలో ఆ పుల్లటి రకం సిలికాన్ చట్రాన్ని తినేసి, గాజు పలక ఊడి, ఒక ఉన్నతాధికారి టిఫిన్ క్యారియర్ మీద పడింది. మనుషులకేమీ కాలేదు గాని ముద్దపప్పు నాశనమైంది. మామూలు గుమాస్తా పప్పు అయితే సంగతి అక్కడితో పోయేది. ఉన్నతాధికారి పప్పు గనక విచారణ సంఘం వేశారు, ఆ సంఘం నివేదిక ఇచ్చింది, దాని మీద జీవో వచ్చింది. ఇకమీదట ప్రభుత్వ భవనాల గాజు అతుకులన్నిటికీ న్యూట్రల్ సిలికానే వాడాలి. వాడినట్టు సంబంధిత అధికారులందరూ 'సదరు అతుకుపైననే' ధ్రువీకరించాలి.

అసిస్టెంట్ ఇంజనీరు వీరాంజనేయులు జీవో పట్టుకుని గ్రంథాలయానికి వచ్చాడు. కుర్రవాడేం కాదు, నలభై దాటినవాడు. కాని పై అధికారి పేరు వింటే చాలు, చొక్కా పై బొత్తాం పెట్టుకునే రకం. మస్తాన్‌వలిని పిలిపించి ఒక చెక్క మీద సిలికాన్ పూయించి, అది ఆరాక పెన్నుతో సంతకం పెట్టబోయాడు. పెన్ను జారింది. రంగు పూస్తే పెచ్చులూడింది. చీటీ అంటిస్తే నవ్వినట్టు ఊడి కిందపడింది.

"దాని మీద ఏదీ అంటదు సార్" అన్నాడు మస్తాన్‌వలి. "పచ్చిగా ఉన్నప్పుడే ఏ ముద్రైనా. పది నిమిషాలకి పైన మీగడ కట్టేస్తది. ఆ తర్వాత బ్రహ్మదేవుడొచ్చి రాసినా పడదు."

వీరాంజనేయులు వివరణ కోరుతూ పైకి రాశాడు. పైనుంచి వివరణ వచ్చింది. "సీలెంటు ముద్రాగ్రాహ్య స్థితిలో నుండగనే, సంబంధిత అధికారులు తమ తమ బొటనవేలి ముద్రలను, క్రింది స్థాయి మొదలుకొని పై స్థాయి వరకు, అతుకుపై వేయవలెను."

ఎగ్జిక్యూటివ్ ఇంజనీరు త్రివిక్రమరావు గారికి ఇది చదవగానే తలకొట్టేసినట్టయింది.

"ఎం.టెక్. గోల్డ్ మెడలిస్టునయ్యా నేను! నన్ను వేలిముద్ర వెయ్యమంటారా? మా వంశంలో మూడు తరాలుగా వేలిముద్ర వేసినవాడు లేడు!"

"జీవోలో ఉందండి" అన్నాడు వీరాంజనేయులు, బొత్తాం సర్దుకుంటూ.

త్రివిక్రమరావు కాసేపు ఆలోచించాడు. జీవోలో ఉన్న విషయం అవమానం ఎలా అవుతుంది? "అయితే అది వేలిముద్ర కాదు. అంగుష్ఠ ధ్రువీకరణ. అందరికీ అలాగే చెప్పు" అన్నాడు. ఆ మాటతో ఆయన మనసు తేలికపడింది. సాయంత్రానికి సొంత అంగుష్ఠాన్ని కాస్త గౌరవంగా చూసుకోవడం కూడా మొదలుపెట్టాడు.

మొదటి ధ్రువీకరణకు ముహూర్తం పెట్టారు. మస్తాన్‌వలి పాత మందు పీకి, తుడిచి, కొత్తది కొట్టాడు. వీరాంజనేయులు నిచ్చెనెక్కి వేలు వేశాడు. ఆయన పైనున్న డిప్యూటీ ఇంజనీరు డీఈ గారు ఎక్కి వేశారు. ఈఈ గారి జీపు రైల్వే గేటు దగ్గర ఆగిపోయింది. వచ్చి, ఎక్కి, వేలు అదిమి చూసేసరికి ముద్ర పడలేదు.

"ఏమయ్యా, నా వేలు పడదేం?"

"గట్టిపడింది సార్" అన్నాడు మస్తాన్‌వలి.

"నేను రాకముందే ఎలా గట్టిపడుతుంది? ఎవరిచ్చారు పర్మిషన్?"

ఎవరూ ఇవ్వలేదు. అనుమతి లేకుండా గట్టిపడినందుకు ఆ సిలికాన్‌ను పీకించేశారు. మస్తాన్‌వలికి ఆ పూట కూలి ముట్టింది. రెండోసారికీ ముట్టింది. ఆ సారి అందరూ వేళకే వచ్చారు గాని, కింది స్థాయి ముందు ఎక్కాలి గనక వీరాంజనేయులు నిచ్చెన పైమెట్టు మీద, త్రివిక్రమరావు గారు అతని కాళ్ళ కింద నిలబడవలసి వచ్చింది. ఇది ఏ సర్వీసు రూలుకూ సరిపడదు. కింది ఉద్యోగి పాదాలు పై అధికారి శిరస్సుకంటే ఎత్తున ఉండరాదని అక్కడే తీర్మానించుకుని దిగిపోయారు. తర్వాత హోదాకొక మంచె కట్టారు. ఈఈ గారి మంచె ఎంత ఎత్తు కట్టారంటే, ఆయన సందును అందుకోవడానికి గొంతుక్కూర్చుని నడుం వంచాల్సి వచ్చింది. మర్యాద మాత్రం దక్కింది.

మస్తాన్‌వలికి ఈ జీవో బాగా నచ్చింది. "ఇట్టాంటి జీవోలు ఏడాదికి రెండొస్తే చాలు మేడం, మా అబ్బాయి కొట్టు మీద మేడ కడతాడు" అన్నాడు సుగుణమణితో. ఆవిడకు ఒళ్ళు మండింది. బయట మబ్బులు పట్టడం లేదు గాని, కాలెండరులో పేజీలు ఎవరి ధ్రువీకరణా అడక్కుండానే చిరుగుతున్నాయి.

మూడోసారి అందరి వేళ్ళూ పడ్డాయి. అయితే సందు పెన్సిలంత సన్నం, వేళ్ళు వేళ్ళంత లావు. ఆడిట్ వాళ్ళు వచ్చి భూతద్దం పెట్టి చూసి, "ముద్రలో రెండు గీతలే పడినవి. రెండు గీతలు ఏ వేలిదైనను కావచ్చును, వక్కపొడి పొట్లము అంచుదైనను కావచ్చును" అని రాసి పోయారు.

వీరాంజనేయులు తల పట్టుకున్నాడు. మర్నాడు వెలిగిపోతున్న మొహంతో వచ్చాడు.

"పరిష్కారం దొరికిందండీ సుగుణమణి గారూ. సందును వెడల్పు చేస్తున్నాం. బొటనవేలు నిండుగా పట్టేంత."

ఆవిడ తను సరిగ్గానే విన్నానా అని ఒకసారి ఆగింది. "నీళ్ళు కారేది ఆ సందులోంచే కదండీ. దాన్ని పెద్దది చేస్తారా?"

"మూయడానికేనండీ పెద్దది చేసేది. చిన్న సందు మూస్తే మూసినట్టు ఎవరికి కనపడుతుంది చెప్పండి?"

గాజు అంచులు కోశారు. సుగుణమణి చెంబు తీసి బకెట్ పెట్టింది.

అంతలో మరో చిక్కు. రిజిస్ట్రారు ఆఫీసు ఆనవాయితీ ప్రకారం మగవాళ్ళు ఎడమ బొటనవేలు వేయాలి. శుభమా అని మొదలుపెట్టిన పనికి ఎడమచెయ్యి పెట్టనన్నాడు త్రివిక్రమరావు. కుడివేలు వేస్తే చెల్లదన్నారు. చివరకు శాస్త్రానికి కుడి, రికార్డుకు ఎడమ అని ఒక్కొక్కరు రెండేసి వేయాలని రాజీ పడ్డారు. రెండు వేళ్ళు పక్కపక్కన పట్టడానికి సందును మళ్ళీ కోశారు. బకెట్ పోయి గంగాళం వచ్చింది. ఇప్పుడు ఆ సందులోంచి పిచ్చుకలు కూడా వచ్చిపోతున్నాయి. వాటికి ఏ ధ్రువీకరణా అక్కర్లేదు.

మామిడికాయల రోజులు గనక త్రివిక్రమరావు గారింట్లో ఆవకాయ పెట్టారు. ముక్కలు కొట్టబోయి ఆయన కుడి బొటనవేలు కోసుకున్నాడు. మామూలుగా అయితే ఇది ఇంటి సంగతి. కాని ఆ వేలు ఇప్పుడు ప్రభుత్వానిది. "ఈఈ గారి కుడి బొటనవేలు వైద్య సెలవుపై నున్నందున, సదరు వేలి పూర్తి అదనపు బాధ్యతలను ఏఈ గారి కుడి బొటనవేలికి అప్పగించడమైనది" అని ఉత్తర్వు వెలువడింది. వీరాంజనేయులు ఆ వారమంతా కుడిచేత్తో అన్నం తినడానికి కూడా జంకాడు. పై అధికారి వేలిని పెరుగన్నంలో ముంచడం భావ్యమా అని.

కట్టు విప్పాక త్రివిక్రమరావు గారికి వేలి మీద నమ్మకం పోయింది. అసలు పని నాటికి పొరపాటు రాకూడదని, గాజు గదిలోనే చలిమిడి ముద్ద మీద సాధన పెట్టాడు. అది క్లాసు వేళ. ఒక పక్క ఆడవాళ్ళు పలకల మీద అక్షరాలు దిద్దుతుంటే, ఇంకో పక్క ఇంజనీర్లు చలిమిడి మీద వేళ్ళు దిద్దుతున్నారు. ఈఈ గారి ముద్ర ప్రతిసారీ ముద్దలో గుంటపడి అలికిపోతోంది.

నాంచారమ్మ కాసేపు చూసింది. ఉండబట్టలేక లేచి వచ్చింది.

"అట్టా గుచ్చితే ఎట్టయ్యా? ఊరికే గోరు దిగబడుద్ది. ఇటు పక్కనించి అటు పక్కకి మెల్లింగా పొర్లించాల. అదో, అట్టా. పెళ్ళైనకాడ్నించీ ఏస్తన్నా, నాకు తెలవదా?"

త్రివిక్రమరావు పొర్లించాడు. గీతలన్నీ పువ్వులా విచ్చుకున్నాయి. ఆయన మొహమూ విచ్చుకుంది. "చూడవయ్యా వీరాంజనేయులూ, ఎంత స్పష్టంగా వచ్చిందో!" అని నలుగురికీ చూపించాడు. నాంచారమ్మ తన చోటికి వెళ్ళి 'మ్మ'తో కుస్తీ పట్టింది. ఆ రోజు ఆవిడ మకారం కుదిరింది, ఒత్తు మాత్రం పలక దాటిపోయింది.

చివరికి ఆ సుదినం వచ్చింది. మంచెలకు మామిడాకులు కట్టారు. మస్తాన్‌వలి ట్యూబు మీద ట్యూబు కొట్టి, ఒక కాలవంత సందును పూడ్చాడు. ఏఈ రెండు, డీఈ రెండు, ఈఈ రెండు, ఆడిట్ వాళ్ళు సరదాపడి ఒక రెండు, అందరూ పొర్లించి పొర్లించి వేశారు. చప్పట్లు మోగాయి. ఒక్కో గీతా అద్దంలో బొమ్మలా ఉంది. ముచ్చటేసి ఇంకాస్త లోతుగా పడాలని త్రివిక్రమరావు గారు తన వేళ్ళను రెండోసారి అదిమారు. అదిమినచోట సిలికాన్ పక్కకి ఒత్తుకుపోయి ఉల్లిపొరంతే మిగిలిందని మస్తాన్‌వలి గమనించాడు. కాని కూలి పుచ్చుకునే వేళ అపశకునం పలకడం ఎందుకని ఊరుకున్నాడు.

తొలకరి పడింది. గది కురిసింది. ఇదివరకు బొట్టు బొట్టుగా కారింది ఇప్పుడు వేలికొక ధారగా కారింది. ఏఈ వేళ్ళ కింద చుక్కలు, డీఈ వేళ్ళ కింద సన్నటి ధార, ఈఈ వేళ్ళ కింద పంపు విప్పినట్టు. ఎవరి హోదాకు తగ్గట్టు వాళ్ళు కురుస్తున్నారు. గంగాళం నిండి పొర్లింది. వాచకాలు తడిశాయి, పలకల మీద అక్షరాలు కొట్టుకుపోయాయి. నాంచారమ్మ 'నాంచార' కూడా పోయింది.

"పోతే పోయిందిలే అమ్మా, మళ్ళీ రాస్తా" అంది నాంచారమ్మ. ఆ మాటకు సుగుణమణికి ఏడుపొచ్చింది.

వీరాంజనేయుల్ని పిలిపించి, ఆ మందు పీకించి వేళ్ళు లేకుండా మామూలుగా పూయించమని బతిమాలింది. ఆయన అదిరిపడ్డాడు.

"పీకడమా? అధికారుల ముద్రలున్న అతుకండీ అది! ముట్టుకుంటే రికార్డు తారుమారు చేసినట్టు. జైలు! అయినా ధ్రువీకరించిన అతుకు కురవదండీ. అది కురుస్తోందని మీరు రాతపూర్వకంగా ఇస్తే, ముందు మీ మీద విచారణ వేయాలి."

మర్నాడు వయోజన విద్య కార్యాలయం నుంచి ఫోను. సోమవారం తనిఖీకి వస్తారు. గది తడిగా కనిపిస్తే క్లాసు రద్దు.

ఆ సాయంత్రం సుగుణమణి గంగాళం పక్కన కూర్చుని వీరాంజనేయులు మాటలే నెమరేసుకుంది. కోపంతో నెమరేసుకుంది గనక ఒక్క మాటా మరిచిపోలేదు. రికార్డు. తారుమారు. జైలు. ఉన్నట్టుండి లేచి, వీరాంజనేయులికి ఫోన్ చేసింది.

"ఏఈ గారూ, ఆ అతుకు రికార్డేనంటారా?"

"ముమ్మాటికీ రికార్డేనండీ!"

"మరి రికార్డు వానలో నానుతోందే! పై అధికారుల ముద్రలు చెరిగితే బాధ్యత ఎవరిదండీ? నాదా, మీదా?"

అవతల చొక్కా బొత్తాం పెట్టుకుంటున్నాడని ఆవిడకు అర్థమైంది.

"మీరేం కంగారుపడకండి. గ్రంథాలయంలో విలువైన పత్రాలుంటే అద్దంలో పెట్టి భద్రపరిచే అధికారం నాకుంది. దానికి ఇంజనీరింగ్ శాఖతో పని లేదు. అది కప్పు కాదు, పుస్తకానికి అట్టలాంటిది. మీరు ఊ అంటే చాలు."

"ఊ... ఊ అండీ!" అన్నాడు వీరాంజనేయులు, ప్రాణం లేచొచ్చినట్టు.

ఆదివారం ఎండ కాసింది. మస్తాన్‌వలి ఆ వేలిముద్రల అతుకంతటి మీదా పైనుంచి ఒకే పెద్ద గాజు పలక పరిచి, చుట్టూ అంచులు తుడిచి, న్యూట్రల్ సిలికాన్ ఒక్క ట్యూబు కొట్టాడు. సబ్బునీళ్ళలో ముంచిన వేలితో ఈ కొసనుంచి ఆ కొసకు ఒక్కసారి సాఫు చేశాడు. కిందికి దిగేసరికి టీ ఇంకా పొగలు కక్కుతోంది.

"అయిపోయిందా?" అంది సుగుణమణి.

"అయిపోద్దని మొదట్లోనే చెప్పా గదా మేడం" అన్నాడు, కాస్త దిగులుగానే. కూలి రోజులు అయిపోయాయి మరి.

సోమవారం ఆకాశం చిల్లు పడ్డట్టు కురిసింది. గదిలో చుక్క పడలేదు. తనిఖీ అధికారి గోడలు తడిమి, నేల తడిమి, తన చొక్కా తడుముకుని, క్లాసు సాగించమని రాసి వెళ్ళిపోయాడు. ఆడవాళ్ళు గంగాళాన్ని బోర్లించి దాని మీద కూర్చుని నవ్వారు.

తన ముద్రలు అద్దంలో పెట్టారని తెలిసి త్రివిక్రమరావు గారు గొడుగు వేసుకుని మరీ వచ్చారు. వీరాంజనేయులు వెనకే వచ్చాడు. తలెత్తి తన వేళ్ళను చూసుకున్న ఈఈ గారి కళ్ళు చెమర్చాయి. ఫోటోలు తీయించుకున్నారు. "మా సర్వీసులో కలకాలం నిలిచే పని ఇదేనయ్యా" అన్నారు, మొదటిసారి నిజం చెబుతున్నట్టుగా.

పెద్దలు వస్తే సందర్శకుల పుస్తకంలో సంతకం చేయించుకోవడం గ్రంథాలయం ఆనవాయితీ. సుగుణమణి పుస్తకం తెరిచి, పెన్ను పక్కన పెట్టింది. తేదీ ముద్ర కొట్టే ఇంకు డబ్బా కూడా అక్కడే తెరిచి ఉంది. త్రివిక్రమరావు గారు ఇంకా పైకే చూస్తూ, ఆ ఆనందంలో, ఇన్ని నెలల అలవాటు కొద్దీ, బొటనవేలు డబ్బాలో అద్ది, పుస్తకం మీద ఇటు పక్కనుంచి అటు పక్కకు నిదానంగా పొర్లించారు. చాలా స్పష్టంగా పడింది.

పెన్ను అలాగే ఉండిపోయింది.

ఆ పెన్ను నాంచారమ్మ తీసుకుంది. ఆయన ముద్ర కింద వంగి, నాలుక కొస పళ్ళ మధ్య పట్టుకుని, 'నాంచార' అని రాసింది. ఆగింది. గుండెలనిండా గాలి పీల్చుకుని మకారం పెట్టి, దాని కింద ఒత్తు కూడా ఇచ్చింది. కుదిరింది. సుగుణమణి చప్పట్లు కొట్టబోయి ఆగిపోయింది, ఈఈ గారి మొహం చూసి.

ఆయన నల్లబడ్డ వేలును తుడుచుకోవడానికి గుడ్డ కోసం వెతుక్కుంటున్నారు. నాంచారమ్మకు జాలేసింది. తన పలక తీసి కొంగుతో తుడిచి ఆయన ముందు పెట్టింది.

"సిగ్గుపడమాకయ్యా. రేపట్నించి మజ్జేనం పూట రా. నీది ఎంత పొడుగు పేరైనా పర్లేదు, నిదానంగా అదే వస్తది."